ఇసకే కదా అనుకోకండి!

చక్రతీర్థ స్నానం రోజు శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డు చూశారా? ఇసకేస్తే రాలనంత జనం! ఫోన్ల నిండా సెల్ఫీలే. సరే, ఇవాళ ఆ ఇసక గురించే రెండు ముక్కలు.

వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు నడిచి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం వెలసింది ఈ ఒడ్డునే.

వానాకాలం ఉరికొచ్చే నీటిని కాస్తయినా వేసవికి దాచేది ఇసకే. పైకి ఎండినట్టున్న చోట కూడా చెలమ తవ్వితే నీళ్లూరతాయి. ఒడ్డున ఉన్న బావులకూ ఆ ఊటే ఆధారం. ఇసకను అడ్డూఅదుపూ లేకుండా తోడేస్తే నది అడుగు లోతవుతుంది, బావుల్లో నీరు కిందికి దిగిపోతుంది, గట్లు కోసుకుపోతాయి.

రెండు రాష్ట్రాల నీటి వాటాలు తేల్చడానికి 2010లో ఏకంగా ట్రైబ్యునలే వచ్చింది. అదే నీటిని దాచిపెట్టే ఇసక దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఇసకే కదా' అనేస్తాం.

ఈసారి మధుకేశ్వరుడి దర్శనమయ్యాక ఒడ్డున పది నిమిషాలు కూర్చోండి. మూడు మునకలు వేయాలన్నా ముందు ఏట్లో నీళ్లుండాలి కదా!