రాకీ ఫ్లాట్స్ రహస్యం
అమెరికాలో డెన్వర్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరాన ఉన్న రాకీ ఫ్లాట్స్ కర్మాగారంలో అణుబాంబులకు గుండెకాయ లాంటి ప్లుటోనియం భాగాలు తయారయ్యేవి. సొత్తు ప్రభుత్వానిది, నడిపింది మొదట డౌ కెమికల్ కంపెనీ, 1975 నుంచి రాక్‌వెల్ కంపెనీ. బాంబు నమూనా దాచడం దేశరక్షణే. కానీ ఆరుబయట పడేసిన 5,000కు పైగా డ్రమ్ముల్లో ఎన్నో తుప్పుపట్టి, ప్లుటోనియం కలిసిన నూనె మట్టిలోకి కారి, ఆ ధూళిని గాలి కంచె దాటించిన సంగతి దాచడం దేశరక్షణ కాదు, గుత్తేదారుకు గొడుగు పట్టడం. 1969లో కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత బయటి శాస్త్రవేత్తలు సొంతంగా మట్టి పరీక్షిస్తే గానీ ఆ సంగతి జనానికి తెలియలేదు. 1989 జూన్‌లో ఎఫ్‌బీఐ సోదాలకు దిగింది. 1992లో రాక్‌వెల్ నేరం ఒప్పుకుని 1.85 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఆ గాలి పీల్చిన ఊళ్లకు అక్షరం పోకుండా అందాల్సిన, ఈ కేసును విచారించిన గ్రాండ్ జ్యూరీ నివేదిక మాత్రం 1993లో కోతలతోనే బయటికొచ్చింది.