ఒకే బ్యానర్... నాలుగు యూనిట్లు!

సినిమాకి పోతే టైటిల్స్ మొదలుకొని చూస్తేగాని మనకి తోచదు. మాటలెవరు, పాటలెవరు, ఫైట్సెవరు... ఆఖరికి స్టిల్స్ ఎవరు తీశారో కూడా చదివేస్తాం. మరి రాత్రి తెల్లవార్లూ ఆడే వీడియో గేము సంగతో? "నింటెండో వారిది" అనేసి ఊరుకుంటాం. ఆ 'వారు' ఎవరు? లోపల ఎవరి కింద ఎవరు పనిచేస్తారు? ఈ వారం ఆ కథే. ఇందులో విలన్ లేడు గాని, పోటీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది!

జపాన్‌లోని క్యోటో నగరంలో 1889లో పూల బొమ్మల పేకముక్కలు తయారుచేసే దుకాణంగా పుట్టింది నింటెండో. 1949లో ఆ కుటుంబానికే చెందిన హిరోషి యమౌచి అధ్యక్షుడయ్యాడు. 2002 దాకా, అంటే యాభై మూడేళ్ళు, కుర్చీ దిగలేదు! ఆయనకి గేములాడే అలవాటు లేదు. అయినా ఏది 'ఆడుతుందో', ఏది మూలపడుతుందో తేల్చేది ఆయనే. (ఒక్క రీలు చూసి సినిమా జాతకం చెప్పే పంపిణీదారులు మనకి మాత్రం లేరూ?)

1965లో గన్‌పే యోకోయ్ అనే కుర్రాడు ఆ ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు పనికి చేరాడు. తీరిక దొరికితే ఊరుకోలేక, చాపితే సాగి దూరాన ఉన్న వస్తువుని పట్టుకునే చెయ్యిలాంటి బొమ్మ ఒకటి చేసుకున్నాడు. తనిఖీకి వచ్చిన యమౌచి కంట అది పడింది. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు యోకోయ్. ఊడలేదు సరికదా, దాన్ని అమ్మకానికి తయారుచెయ్యమన్నాడు యజమాని! 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరుతో వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

అక్కణ్ణించి పరిశోధన విభాగాలు ఒక్కొక్కటే లేచాయి. ఒకటో నంబరు యోకోయ్‌ది. రెండో నంబరు షార్ప్ కంపెనీ నుంచి వచ్చిన మసాయుకి ఉయెమురాది. మూడోది గెన్యో తకెడాది. ఇక నాలుగో విభాగం పెట్టినప్పుడు దానికి మేనేజరుగా వచ్చినాయన ఎవరనుకున్నారు? హిరోషి ఇకెడా! తోయెయ్ స్టూడియోలో కార్టూన్ చిత్రాలకి దర్శకత్వం వహించినవాడు. అంటే మన పార్టీయే! ఆ గదిలో అసలు తార మాత్రం 1977లో చిత్రకారుడుగా చేరిన షిగేరు మియమోతో.

అసలు కిటుకంతా ఈ నాలుగు గదుల మధ్య యమౌచి రాజేసిన పోటీలో ఉంది. ఎవరి మనుషులు వాళ్ళకి, ఎవరి ఆలోచనలు వాళ్ళకి. ఆ పోటీతోనే ఒకరిని మించి ఒకరు పనిచేశారు. యోకోయ్ గది 1980లో జేబులో పట్టే 'గేమ్ అండ్ వాచ్' చేస్తే, ఉయెమురా గది 1983లో టీవీకి తగిలించే 'ఫామికామ్' చేసింది. ఆపిన చోటునుంచి మళ్ళీ ఆడుకునేలా గేము పెట్టెలోనే బ్యాటరీ పెట్టే ఏర్పాటు తకెడా చలవ.

పోటీ అన్నాను గాని, తలుపులకి తాళాలు మాత్రం వెయ్యలేదు. 1981లో అమెరికాలో అమ్ముడుపోక రెండు వేల యంత్రాలు పడి ఉంటే, వాటిలో వెయ్యడానికి కొత్త గేము చెయ్యమని మియమోతోకి అప్పగించారు. పైన నిలబడి చూసుకున్నది ఒకటో గది యోకోయ్! అదే 'డాంకీ కాంగ్'. అందులో గెంతే వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు. 1985లో నాలుగో గదివాళ్ళు 'సూపర్ మారియో బ్రదర్స్' తీశారు... తర్వాత సంగతి మీకు నేను చెప్పాలా? ఆ ఆటలో మీ బొటనవేలి కింద నలిగే ప్లస్ గుర్తు మీట కూడా యోకోయ్ బుర్రలోదే. ముందు జేబు ఆటకి చేశాడు, రెండో గదివాళ్ళు ఫామికామ్‌కి తీసుకున్నారు.

మరి వీళ్ళ పేర్లు తెర మీద పడేవా? అదీ చెప్తాను. 1986లో ఒకటో గది చేసిన 'మెట్రాయిడ్' టైటిల్స్‌లో సంగీత దర్శకుడు హిరోకాజు తనకా 'హిప్ తనకా'గా కనిపిస్తాడు. సొంత పేరు వేసుకునే భాగ్యం అప్పట్లో తక్కువమందికే! మన దగ్గర ఏ పాటల రచయితకో ఇలా ముద్దుపేరు వేస్తే ఊరుకుంటాడా?

1989లో యోకోయ్ 'గేమ్ బాయ్' వచ్చింది. ప్రత్యర్థులు రంగుల తెరలు చూపిస్తుంటే ఈయనది రంగుల్లేని తెర. చవకబడిన పాత సామానుతోనే కొత్త తమాషా చెయ్యాలన్నది ఆయన సిద్ధాంతం. దాని తర్వాత వచ్చిన రంగుల తమ్ముణ్ణి కూడా కలుపుకుంటే 11 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి! అదే మనిషి 1995లో 'వర్చువల్ బాయ్' అన్నాడు. కళ్ళు ఆనించి చూడాలి, బొమ్మలన్నీ ఎరుపే. ఏడాది తిరక్కుండానే మూలపడింది. 1996 ఆగస్టులో ముప్ఫై ఒక్కేళ్ళ కొలువు వదిలి యోకోయ్ బయటికి నడిచాడు. ఆ ఫ్లాపు దెబ్బేనన్నారు జనం. ఆయన మాత్రం కాదనే చెప్పాడు. కాదనుకున్నా, అన్ని హిట్లిచ్చిన మనిషి ఆ ఒక్క ఫ్లాపు తర్వాత వెళ్ళాడంటే నాకు మనసు చివుక్కుమంటుంది. మరుసటి ఏడు అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో పోయాడు.

యమౌచి తర్వాత 2002లో వచ్చిన సతోరు ఇవాటా స్వయంగా ప్రోగ్రాములు రాసినవాడు. తర్వాతి రెండు మూడేళ్ళలో ఒకటో గది, రెండో గది పేర్లు మాసిపోయాయి. 2013లో జేబు యంత్రాల వాళ్ళనీ, టీవీ యంత్రాల వాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టాడు. 2015 జూలైలో ఆయన కన్నుమూశాడు. సెప్టెంబరులో మిగిలిన గేము విభాగాల్ని కూడా కలిపి షిన్యా తకహాషి చేతికిచ్చారు. 2017లో 'స్విచ్' వచ్చింది. టీవీకి తగిలిస్తే అది ఉయెమురా పెట్టె, ఊడదీసి చేత్తో పట్టుకుంటే యోకోయ్ పెట్టె! దాంతోపాటు వచ్చిన జెల్డా గేము చివర సుమారు 300 పేర్లు, సొంత పేర్లే, వరసగా పైకి పోతాయి. ఈసారి ఆట పూర్తయ్యాక మీట నొక్కెయ్యకుండా చదవండి.

ఇకెడాగారి కార్టూన్ సినిమాల సంగతి ఇంకోసారి.