సలేశ్వరం జాతరకు ముందుచూపు అవసరం

దేవరకొండ: చైత్ర పౌర్ణమి దగ్గర పడిందంటే ఈ ప్రాంత పల్లెల్లో సలేశ్వరం ప్రయాణం మాటలు మొదలవుతాయి. డిండి మీదుగా శ్రీశైలం రోడ్డెక్కి, మన్ననూరు దాటి, ఫర్హాబాద్ వద్ద నల్లమల అడవిలోకి తిరగాలి. బండ్లు ఆగిన చోటి నుంచి లోయలోని లింగమయ్య గుడి వరకు రాళ్ల దారిలో కాలినడకే శరణ్యం.

మామూలు రోజుల్లో యాత్రికులకు తెరవని ఈ దారిని అటవీ శాఖ జాతరకు కొద్ది రోజులే తెరుస్తున్నది. ఇది అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతం కావడం, ఎండాకాలంలో ఎండుటాకులకు నిప్పంటుకునే ప్రమాదం ఉండడం ఇందుకు కారణాలు. అడవికి ఇది మేలే. అయితే రోజులు తగ్గినంత మాత్రాన జనం తగ్గరు. ఉన్న రోజుల్లోనే కిక్కిరిసిపోతారు. 2023 ఏప్రిల్‌లో ఇరుకు దారిలో రద్దీ పెరిగి, ఊపిరాడక ప్రాణనష్టం జరిగింది.

కనుక రద్దీని విడదీయడమే అసలు మార్గం. ఎక్కేవారికి, దిగేవారికి వేర్వేరు వరుసలు, విడతలవారీ అనుమతి, తాగునీరు, వైద్య శిబిరం ఏర్పాటు చేయవలసిన బాధ్యత అధికారులది. అక్కడ పూజలు చేసేది చెంచులే. ఆ అడవి దారులు బాగా ఎరిగిన వారి సలహా తీసుకోవడం మంచిది.

యాత్రికుల వంతూ ఉంది. పౌర్ణమి నాడే వెళ్లాలన్న పట్టుదల మాని, ముందు రోజో వెనుక రోజో ఎంచుకోవాలి. దారి తెరిచే తేదీలు అటవీ సిబ్బందిని ముందే అడిగి తెలుసుకోవాలి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు, చంటిపిల్లల తల్లులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. నీళ్లు వెంట తీసుకెళ్లాలి. బీడీలు, అగ్గిపెట్టె, ప్లాస్టిక్ సంచులు ఇంటివద్దే వదలాలి. దర్శనం ఎంత ముఖ్యమో, క్షేమంగా ఇల్లు చేరడమూ అంతే ముఖ్యం.