పాత బండిని మోకాళ్ల మీద కూర్చుని చూద్దాం

రాయ్‌పూర్ శివార్లలో పాత ఇనుము దుకాణాల వైపు వెళితే, ధాన్యం బస్తాలు మోసి మోసి అలసిన పాత పికప్ బండి ఒక్కోసారి కంటపడుతుంది. ఫోను నేలకు ఆనించి, కింది నుంచి పైకి ఒక ఫొటో తీస్తాం. బండి కొండలా కనిపిస్తుంది. చూసినవాళ్లు భలే అంటారు. నా అభ్యంతరం ఆ సరదా మీద కాదు, అక్కడితో ఆగిపోవడం మీద.

ముందుగా ఆ కొండ సంగతి. చాలామంది దాన్ని వైడ్ లెన్స్ మహిమ అనుకుంటారు. నిజానికి ఆ తేడా దూరం వల్ల వస్తుంది. నాలుగు మీటర్ల బండికి ఒక మీటరు దూరంలో కెమెరా ఉంటే, బండి వెనక భాగం ఐదు మీటర్ల దూరంలో ఉంటుంది. అందుకే ముందు చక్రం వెనక చక్రం కన్నా చాలా పెద్దగా పడుతుంది. పది మీటర్లు వెనక్కి జరిగితే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. అంటే దగ్గరి ఫొటో ఆకట్టుకుంటుంది, దూరపు ఫొటో కొలతకు పనికొస్తుంది. రెండూ కావాలి.

కింది కోణం వల్ల మరో లాభం ఉంది. తుప్పుకు నీరు, ఆక్సిజన్ రెండూ అవసరం. తడి బురద నిలిచే తలుపు అంచులు, చక్రాల పైకప్పులు ముందుగా తినేయబడతాయి. ఆ చోట్లు నిలబడి చూస్తే కనిపించవు. సాయంత్రపు ఏటవాలు వెలుగులో సుత్తి దెబ్బలు, అతుకులు, చెరిగిన అక్షరాలు నీడలతో పైకి తేలుతాయి. శాసనాలు చదివేవారు వాడే ఉపాయమే ఇది.

2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాడకపు వాహనాలకే వింటేజ్ హోదా. షికారు కారుకు దక్కే ఆ గౌరవం బస్తాలు మోసిన బండికి దక్కదు. దాని దారి ఉర్లా, సిల్తరా కొలుముల వైపే. తుక్కును కరిగించడం తప్పు కాదు, ఖనిజం ఆదా అవుతుంది. కానీ 1,538 డిగ్రీల దగ్గర కరిగే ఇనుము తన గతాన్ని దాచుకోదు.

1921లో కిరారి గ్రామ చెరువు ఎండినప్పుడు శాసనం ఉన్న కొయ్య స్తంభం బయటపడింది. ఎండకు కొయ్య పగిలి చాలా అక్షరాలు రాలిపోయాయి. అంతకుముందే ఒక స్థానిక పండితుడు వాటిని రాసిపెట్టుకోవడం వల్లే ఆ పాఠం మనకు మిగిలింది. ఆ స్తంభం ఇప్పుడు రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో ఉంది.

మనమూ అంతే చేద్దాం. యజమాని అనుమతి తీసుకుని, పక్కన ఒక స్కేలు పెట్టి, ఒకదానిపై ఒకటి కొంత కలిసేలా చుట్టూ ఫొటోలు తీద్దాం. వాటితో కంప్యూటర్ త్రిమితీయ నమూనా కట్టగలదు. మరమ్మతు చేసిన మేస్త్రీ మాట కూడా రాసుకుందాం. ఏ అతుకు ఎందుకు వేశాడో ఫొటో చెప్పదు, ఆయనే చెప్పాలి.