నిరీక్షణకూ ఒక గడువుండాలి

మీర్‌పేట్, జిల్లెలగూడ, కర్మన్‌ఘాట్ కాలనీల్లో పిల్లల్ని అమెరికాకు పంపి, ఫోను కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు లేని వీధి అరుదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని విమానమెక్కిన తరం ఇప్పుడు నడివయసుకొచ్చింది. వాళ్లను కన్నవాళ్లు డెబ్బయ్యో పడిలో పడ్డారు. 'సిటిజన్‌షిప్ ఎంతవరకొచ్చింది?' అనడిగితే చాలా ఇళ్లలో వినిపించే జవాబు ఒక్కటే: 'ఇంకా చెకింగ్‌లోనే ఉందట'. ఏం చెక్ చేస్తున్నారు, ఎన్నాళ్లు చేస్తారు? అది మాత్రం ఎవరూ చెప్పరు. అమెరికా పౌరసత్వం పొందిన బిడ్డే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయగలడు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారికి ఆ వీలు లేదు. అక్కడ ఫైలు ఆగుతుంది గానీ, ఇక్కడ వృద్ధాప్యం ఆగదు కదా!

తనిఖీ తప్పని ఎవరూ అనరు. మన ఇంట్లో ఓ పోర్షన్ అద్దెకివ్వాలన్నా, వచ్చినవాళ్లు ఎవరు, ఏం చేస్తారు, ఇంతకుముందు ఎక్కడున్నారు అని నాలుగు ప్రశ్నలు అడుగుతాం. ఒక దేశం తన తలుపు తీసేముందు అంతకన్నా ఎక్కువే అడుగుతుంది, అడగాలి కూడా. అయితే అడిగినవారు జవాబు విన్నాక ఔననో కాదనో చెప్పాలి. ఏదీ చెప్పకుండా గుమ్మంలోనే ఏళ్ల తరబడి నిలబెట్టడాన్ని జాగ్రత్త అనలేం.

అమెరికాలో సరిగ్గా అదే జరిగింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002లో పౌరసత్వ, గ్రీన్‌కార్డు దరఖాస్తుదారుల పేర్ల తనిఖీని విస్తరించారు. అంతకుముందు ఎఫ్‌బీఐ దర్యాప్తు ఎదుర్కొన్నవారి ఫైళ్లతోనే పేర్లను సరిచూసేవారు. ఆ తర్వాత ఏదో ఒక కేసులో సాక్షిగానో, బాధితుడిగానో, ఊరికే ప్రస్తావనగానో పేరు వచ్చిన ఫైళ్లన్నీ తిరగేయడం మొదలైంది. అప్పటికే చూసిన వాటితో కలిపి 27 లక్షల పేర్లను ఆ ఏడాది డిసెంబరులో ఎఫ్‌బీఐకి మళ్లీ పంపారు. ఎక్కువ పేర్లు కంప్యూటర్‌లోనే రెండు మూడు రోజుల్లో తేలిపోయేవి. ఎక్కడైనా పేరు కలిసిందా, దేశంలో ఎక్కడో ఓ కార్యాలయంలో ఉన్న కాగితం ఫైలును తెప్పించి, ఒక మనిషి కూర్చుని చదవాలి. ఫైళ్లు కొండలా పెరిగాయి, చదివే మనుషులు మాత్రం పెరగలేదు.

పేర్ల విషయంలో మన తెలుగువాళ్లకు మరో చిక్కుంది. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. అక్కడ వరస తలకిందులు. ఒకే లక్ష్మి పేరును ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తాం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. క్రైస్తవ కుటుంబాల్లో బడి పేరొకటి, బాప్తిస్మం పేరొకటి ఉండటమూ మామూలే. ఎఫ్‌బీఐ కంప్యూటరేమో పేరును అటుదిటు, ఇటుదటు తిప్పి వెతుకుతుంది. ఏ నేరమూ ఎరుగని మనిషి, తన పేరున్న మరెవరివల్లో నిలిచిపోయే ప్రమాదం అలా వస్తుంది.

2007 మే నాటికి ఈ పేర్ల తనిఖీలో ఆగిపోయిన దరఖాస్తులు 3,29,160. వాటిలో లక్షకు పైగా ఏడాది దాటినవే. కొందరైతే మూడేళ్లకు పైగా ఎదురుచూశారు. ఆ దేశపు వలస సేవల వ్యవహారాలపై ప్రభుత్వం నియమించిన అంబుడ్స్‌మన్ తన నివేదికలో ఒక సూటి విషయం ఎత్తిచూపారు. దరఖాస్తుదారుల్లో చాలామంది అప్పటికే ఆ దేశంలో నివసిస్తున్నారు. నిజంగా వారిలో ప్రమాదకారి ఉంటే, ఫైలు ఆగినంతకాలం అతను అక్కడే స్వేచ్ఛగా తిరుగుతుంటాడు. అంటే ఆలస్యంవల్ల నిర్దోషికి శిక్ష, దోషికి వెసులుబాటు! ఇక దేశానికి దక్కిన భద్రత ఎక్కడ?

మరి ఆ కొండ ఎలా కరిగింది? కోర్టులకెక్కినవారి ఒత్తిడి కొంత పనిచేసింది. 2008 ఫిబ్రవరిలో, మిగతా అన్నీ సక్రమంగా ఉండి పేరు తనిఖీ ఒక్కటే 180 రోజులు దాటిన గ్రీన్‌కార్డు దరఖాస్తులను ఆమోదించవచ్చని నిర్ణయించారు. ఏప్రిల్‌లో గడువులు పెట్టుకున్నారు: మూడేళ్లు దాటినవి మే నెలకల్లా, రెండేళ్లవి జులైకల్లా, ఏడాదివి నవంబరుకల్లా తేల్చాలని. డబ్బు కేటాయించారు, మనుషులను పెంచారు. 2009 మధ్యకల్లా బకాయి తీరిపోయింది. 98 శాతం తనిఖీలు 30 రోజుల్లో, మిగిలినవి 90 రోజుల్లో పూర్తిచేసే స్థితికి చేరామని ప్రకటించారు. దీనికోసం తనిఖీని రద్దు చేయలేదు. దానికి ఓ గడువు పెట్టారు, అంతే.

ఆ పాఠం మన ముంగిట్లోనూ ఉంది. ఒకప్పుడు పాస్‌పోర్టుకు పోలీస్ వెరిఫికేషన్ అంటే స్టేషన్ చుట్టూ తిరుగుళ్లు. తెలంగాణ పోలీసులు 'వెరీఫాస్ట్' యాప్‌తో, ట్యాబ్ పట్టుకుని ఇంటికే వచ్చి వివరాలు నమోదు చేసుకోవడం మొదలయ్యాక అది రోజుల్లో తేలే పని అయింది.

అపొస్తలుడైన పౌలు రోమా పౌరుడు. జన్మతః పౌరుడు. అయినా కైసరయలో ఆయన కేసును అధిపతి ఫేలిక్సు రెండేళ్లు తేల్చకుండా నానబెట్టాడు. లంచం దొరుకుతుందేమోనన్న ఆశ ఒకవైపు, ప్రత్యర్థుల మెప్పు కోసం మరోవైపు. పౌలు ఓర్చుకున్నాడు, కానీ ఊరుకోలేదు. పౌరుడిగా తనకున్న హక్కుతో కైసరుకు చెప్పుకుంటానన్నాడు. సహనానికీ, హక్కు అడగడానికీ పేచీ లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

2025లో తనిఖీలు మళ్లీ బిగిశాయి. జూన్‌లో విద్యార్థి వీసాలకు సోషల్ మీడియా ఖాతాల పరిశీలన వచ్చింది. ఆగస్టులో, పౌరసత్వం కోరేవారి గురించి ఇరుగుపొరుగును, తోటి ఉద్యోగులను విచారించే పాత పద్ధతిని పునరుద్ధరిస్తున్నట్లు ప్రకటించారు. డిసెంబరు 15 నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 వీసాలకూ సోషల్ మీడియా పరిశీలన మొదలైంది. దాంతో మన దేశంలోని కాన్సులేట్లలో ఎన్నో ఇంటర్వ్యూలు 2026 మార్చికి, ఆపైకి వాయిదా పడ్డాయి. పెళ్లికో చావుకో వచ్చి, వారంలో స్టాంపింగ్ చేయించుకుని వెళ్దామనుకున్నవారు ఇక్కడే చిక్కుకున్నారు. ఉద్యోగం అక్కడ, అద్దె అక్కడ, కొందరికి పిల్లల బడి కూడా అక్కడే. కొత్త తనిఖీ పెట్టినప్పుడు దాన్ని ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారో కూడా చెప్పాలి కదా? 2008లో నేర్చిన పాఠం 2025లో అక్కరకు రాలేదు.

మన చేతిలో ఉన్నవి కొన్నున్నాయి. పిల్లల పేరు బడి రికార్డు నుంచి పాస్‌పోర్టుదాకా ఒకే వరసలో, ఒకే అక్షరాలతో ఉండేలా చూడాలి. అమెరికాలో ఇల్లు మారితే పది రోజుల్లో ఆ శాఖకు తెలపాలి. పౌరసత్వ ఇంటర్వ్యూ అయ్యాక 120 రోజుల్లో నిర్ణయం రాకపోతే ఫెడరల్ కోర్టును ఆశ్రయించే హక్కును అక్కడి చట్టమే ఇచ్చింది. ఫైలు కదిలిస్తామనే దళారులకు పైసా ఇవ్వకూడదు. తనిఖీని తొందరపెట్టే శక్తి వాళ్లకు లేదు. అన్నిటికన్నా ముందు, ఇక్కడ ఒంటరిగా మిగిలిన ఆ ముసలి తల్లిదండ్రుల తలుపు తట్టి, మందులున్నాయా, తిన్నారా అని అడిగే పొరుగువారు కావాలి. దానికి ఏ వీసా అక్కర్లేదు.

లోకం వాడుకలో 'నిరీక్షణ' అంటే ఎదురుచూపు. తెలుగు బైబిలు భాషలో అదే మాటకు ఆశ అని అర్థం. రోజు చెబితే ఎదురుచూపు ఆశగా మారుతుంది. రోజే చెప్పకపోతే ఆశ కూడా ఎదురుచూపుగానే మిగిలిపోతుంది. అధికారంలో ఉన్నవారు ఎవరి ఫైలైనా చేతిలోకి తీసుకున్నప్పుడు గుర్తుంచుకోవలసింది ఇదే. అది కాగితం కాదు, ఒకరి ఆయుష్షు.