నీళ్లు బిడ్డా

వృద్ధాశ్రమంలో పెట్టడం తప్పా, ఒప్పా అని మనవాళ్లు నలుగురు చేరితే చాలు, వాదించుకొంటారు. ఆ వాదంలోకి నేను దిగను. మంచం పట్టిన మనిషిని ఎత్తి దించే చేతులు ఇంట్లో లేకపోతే ఏం చేస్తారు చెప్పండి? పెట్టిన తర్వాత మనమేం చేస్తున్నామన్నదే నా ప్రశ్న.

మా చిన్నమ్మ సంగతి చెబుతాను. ఆమెకు పిల్లలు లేరు. అక్క కొడుకులమైన మేమే దిక్కు. మన రాజురా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది గదా, చిన్నమ్మ పుట్టి పెరిగింది ఆ రోజులలో, అచ్చంగా తెలుగులో. తర్వాత మరాఠీ ఎంత బాగా పట్టుబడిందంటే, సంతలో ఆమెతో బేరమాడి గెలిచినవాడు లేడు. మతిమరుపు జబ్బు వచ్చాక ముందుగా జారిపోయింది ఆ మరాఠీయే. ఈ జబ్బులో చాలామందికి ఇంతేనట. చిన్ననాటి భాష ఒక్కటే మిగులుతుంది.

ఒక పట్నంలో ఆశ్రమంలో చేర్చాము. పేరెందుకు లెండి. నెలనెలా డబ్బు పంపాము. ఫోను చేస్తే “ఆజీ బాగున్నారు” అనేవారు. నాలుగు నెలల తర్వాత ఆఫీసు పనిమీద ఆ ఊరు వెళ్లి, చెప్పకుండా తలుపు తట్టాను.

పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. “నీళ్లు బిడ్డా, నీళ్లు” అంటున్నది. పక్కనే ఉన్న ఆయా, “పొద్దుటినుంచీ ఇదే మాట. ఇచ్చాను కదా!” అన్నది మరాఠీలో. ఇచ్చినదేమిటో తెలుసునా? మరాఠీలో ‘నిళా’ అంటే నీలిరంగు. పాపం, పెట్టెలోని నీలిచీర తీసి కప్పింది.

పక్కకు తిప్పితే నడుము కింద రూపాయి బిళ్లంత పుండు. మంచాన పడ్డవారిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. అక్కడ ఇరవైమందికి ఆమె ఒక్కతే. మేనేజరుతో గట్టిగా పోట్లాడాను. నాలుగు నెలలు గడప తొక్కని నాతో ఎవరు పోట్లాడాలో!

2020 జనవరిలో హైదరాబాదు శివారు నాగారంలో ఒక ఆశ్రమంనుంచి పోలీసులు డెబ్బైమందికి పైగా విడిపించారు. గొలుసులు, దెబ్బలు, ఇరుకు గదులు — పత్రికలలో చదివే ఉంటారు. కేకలు విని ఫిర్యాదు చేసినది ఇరుగుపొరుగువారు. చుట్టాలు కాదు.

గుమాస్తాను గనుక చట్టం సంగతి కూడా చెప్పాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం సంరక్షకులు పెద్దవారిని ఎక్కడైనా వదిలించుకొంటే మూడు నెలల జైలు, లేదా అయిదువేల జరిమానా, లేదా రెండూ. పోషణ కోరే దరఖాస్తు సబ్‌డివిజన్ స్థాయి ట్రిబ్యునలులో పెట్టుకోవచ్చు, వకీలు అక్కరలేదు. 14567కు ఫోను చేస్తే సలహా చెబుతారు. ఇవన్నీ మంచివే. కాని మతిపోయిన మనిషి ఏ దరఖాస్తు వ్రాస్తుంది?

చిన్నమ్మను దగ్గరలోనే మరొకచోటికి మార్చాము. నీళ్లు, ఆకలి, నొప్పి, చలి, దొడ్డికి — ఇలా పది మాటలు నాగరి లిపిలో వ్రాసి, ఎదురుగా మరాఠీ అర్థం వ్రాసి, మంచం తలవైపు గోడకు అంటించాను. వెళ్లినప్పుడు పెదవులు, గోళ్లు, నడుము చూస్తాము. మత్తుగా ఉంటే ఏ మాత్ర ఇచ్చారో చీటీ అడుగుతాము. అక్కడివారికి కొంచెం విసుగే. అయినా పుండు మానింది.

ఈ వారం వంతు మా తమ్ముడిది. ఏ రోజు వెళతాడో అక్కడ ఎవరికీ చెప్పలేదు.