తెరమీది సిపాయి – కల్లంలో బాబాయి

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా తమ్ముడు అన్నం ముందు కూర్చుని, "నేను మిలటరీకి పోతా" అన్నాడు. వాడికి పద్దెనిమిదేళ్ళు. ఏందిరా సంగతి అంటే, సెల్లులో 'బోర్డర్' సినిమా మూడుసార్లు చూశాడట! నాన్న పలకలేదు. మిర్చికి పెట్టిందీ వచ్చిందీ లెక్క తేలక కూర్చున్న మనిషి, ఇంటికి నెలజీతం వస్తుందంటే ఏమంటాడు?

నవ్వింది మా బాబాయి ఒక్కడే. ఆయన పదిహేడేళ్ళు పదాతిదళంలో సిపాయిగా చేసి వచ్చాడు. "ఒరే, నేను తుపాకీ పేల్చింది ఎక్కువగా ఫైరింగు రేంజిలోనే. పార పట్టింది మాత్రం మన చేలో కంటే ఎక్కువ" అన్నాడు.

మిత్రులారా, సైన్సు విద్యార్థిని గనుక ఒక చిన్న లెక్క చెబుతాను. ఏ.కె.47 వేగం నిమిషానికి దాదాపు 600 గుళ్ళు. మేగజైనులో ఉండేవి 30. ట్రిగ్గరు నొక్కిపెడితే మూడు సెకన్లకు ఖాళీ! మన హీరోగారు పాటంతసేపు పేలుస్తూనే ఉంటారు. అది మేగజైనో, అక్షయపాత్రో!

బాబాయి చెప్పే మిలటరీ వేరు. తెల్లవారకముందే లేవాలి. గుంటలు తవ్వాలి, ఇసుకబస్తాలు నింపాలి, వీపున పిట్టు (వాళ్ళ సంచికి అదే పేరట) వేసుకుని కొండలెక్కాలి. తడిసిన సాక్సులు ఆరవు. రాత్రి సెంట్రీ. నానమ్మ పంపిన గోంగూర పచ్చడి సెక్షనులో పదిమందికి ఒక్క పూట. మిగతాదంతా కాచుకుని కూర్చోవటమే.

'సరిలేరు నీకెవ్వరు' (2020)లో మేజరుగారు కర్నూలు వచ్చి రౌడీల పని పట్టారు. నేనూ ఈల వేశాను, దాచను. కానీ అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె నుంచి నిజంగా ఒక సిపాయి వెళ్ళాడు, ముస్తాక్ అహ్మద్. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున మంచుచరియ కింద పడి పోయిన పదిమంది మద్రాస్ రెజిమెంటు వాళ్ళలో ఆయన ఒకడు. శత్రువు తూటా కాదు, మంచు. అంత ఎత్తున గాలి పీడనం ఇక్కడి దాంట్లో సగం కూడా ఉండదు, నీళ్ళు 80 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కరు లేకపోతే పప్పు ఉడకదు. అక్కడ మామూలుగా ఒక రోజు గడపడమే సాహసం. దాన్ని ఏ సినిమా చూపిస్తుంది?

సినిమాలు మానమని నేననను. మిలటరీకి పోవద్దనీ అనను. పశ్చిమ గోదావరిలో మాధవరానికి 'మిలటరీ మాధవరం' అన్న పేరు ఊరికే రాలేదు, ప్రపంచయుద్ధాలనాటి నుంచీ పంపారు బిడ్డల్ని. నా ఫిర్యాదల్లా, మనవాళ్ళు తెరను నమ్మి సంతకం పెట్టడం గురించి. 2022లో తెచ్చిన అగ్నిపథ్‌లో సర్వీసు నాలుగేళ్ళు. ఆ తర్వాత ఉంచుకునేది నూటికి ఇరవై అయిదుమందిని మించకుండా. తమ్ముడు ఇరవై రెండేళ్ళకు డిగ్రీ లేకుండా తిరిగొస్తే ఏం చేస్తాడో వాడూ ఆలోచించలేదు, నాన్నా అడగలేదు. ఇన్నేళ్ళుగా బాబాయిని కూడా ఊళ్ళో ఎవరూ ఏమీ అడగలేదనుకోండి!

మర్నాటి నుంచి తమ్ముడు కాలువకట్ట మీద పరుగు మొదలెట్టాడు. ఆ రాత్రి బాబాయి వాణ్ణి మిర్చి కల్లం కాపలాకు తీసుకుపోయాడు. పన్నెండింటికే వాడు గోనెపట్టా మీద నిద్రపోయాడు. బాబాయి లేపలేదు, టార్చి పట్టుకుని తెల్లారేదాకా తనే కూర్చున్నాడు. రెండోరోజు సాయంత్రం మాత్రం తమ్ముడు ఎవరూ పిలవకుండానే దుప్పటి తీసుకుని బయల్దేరాడు.